బల్లగుడ్డలు ఉతికే మనిషి

"ఇస్త్రీ ఎలాగూ చేస్తున్నావుగా, అది కాగానే రేపటికి నా నాలుగు మాటలూ రాసిపెట్టు," అని భర్త పేపరు తిరగేశాడు.

ఇస్త్రీ అన్నది "ఎలాగూ" అయిపోయే పని కాదని ఆ ఇంట్లో ఆమె ఒక్కతెకే తెలుసు. నారబట్ట ఆరీ ఆరని చెమ్మ మీద ఉండగానే పెట్టె ఆనించాలి. కుట్టిన సిలువను మెత్తటి తువ్వాలు మీద బోర్లించి వెనుకనుంచి నొక్కితేనే దారం పొంగి నిలుస్తుంది. రొట్టె పళ్లెం కింద పరిచే చదరపు గుడ్డను అటు మూడు, ఇటు మూడు మడతలుగా, ఎప్పుడూ లోపలికే మడవాలి. రొట్టె విరిచినప్పుడు రాలిన పొడి లోపలే నిలవాలని. ప్రభువు బల్లమీద పరిచే పొడుగాటి తెల్లగుడ్డనైతే మడవనే కూడదు, అట్టగొట్టానికి చుట్టాలి. కొవ్వొత్తి మైనం పడిన చోట మంచుగడ్డ ఆనించి, చెంచా వెనుకతో గీకి, పైన కాగితం పరిచి వేడి చూపించాలి. ఇక అందరూ వంతులవారీగా పెదవి ఆనించే ద్రాక్షారసపు గిన్నె అంచు తుడిచే చిన్నగుడ్డల సంగతి వేరే కథ. వాటిమీది లిప్‌స్టిక్ మరకలు చూసి, పోయిన ఆదివారం ఆరాధనకు ఎవరు వచ్చారో, ఎవరు మానేశారో, ఎవరు కొత్త రంగు కొన్నారో ఆమె తడుముకోకుండా చెప్పగలదు. ఎవరూ అడగలేదు గనుక చెప్పలేదు.

పందొమ్మిదేళ్లుగా ఇదే పని. ఆ ఎపిస్కోపల్ చర్చి సంఘంలో ముగ్గురు అయ్యగార్లు మారి, ఇప్పుడొక పాస్టరమ్మ వచ్చింది. గుడి రంగు రెండుసార్లు మారింది. గుడ్డలు మాత్రం ప్రతి ఆదివారం ఆరాధన అయ్యాక ఆమె సంచిలో ఇంటికి రావడం, శనివారం సాయంత్రానికి గుడికి పోవడం మారలేదు. "గుడి గుడ్డలు ఉతకడం ఆశీర్వాదమమ్మా, ఇంటి గుడ్డలు ఉతకడం బాధ్యత," అని కాపురానికి వచ్చిన కొత్తలో అత్తగారు తేల్చి చెప్పారు. ఆశీర్వాదానికీ బాధ్యతకూ పోగా, పని అనే మాట ఆమె చేతులకు మిగల్లేదు.

రాత కూడా అంతే. పగలంతా ఒక లాయరుగారి ఆఫీసులో టైపు చేస్తుంది. ఆయన సగం చెప్పి వదిలేసిన వాక్యాలను ఆమె పూర్తి చేస్తుంది, సంతకం పెట్టేముందు ఆయన అద్దాలు సవరించుకుని, "చూశావా, నా ఉత్తరం ఎంత గట్టిగా వచ్చిందో!" అని మురిసిపోతాడు. ఇంటికొస్తే భర్త. బ్యాంకులో మేనేజరు, గుడిలో సంఘ కార్యదర్శి. వీడ్కోలు సభకైనా, సంతాప సభకైనా, సంఘం వార్షిక నివేదికకైనా ఆయనకు కావలసిన "నాలుగు మాటలు" ఆమె బల్లమీదే పుడతాయి. సభ అయ్యాక జనం ఆయన చేయి పట్టుకుని, "మీ మాటల్లో ఎంత లోతండీ!" అంటారు. ఆయన వినయంగా తల వంచుతాడు. ఆ తల వంచడం ఒక్కటే ఆయన సొంతం.

ఈ ఏడు పాస్టరమ్మ కొత్త ఆచారం ఒకటి పెట్టింది. ఎనిమిది ఆదివారాలపాటు ప్రసంగం బదులు సంఘంలో ఒకరు లేచి తమ విశ్వాసం గురించి ఐదు నిమిషాలు మాట్లాడాలి. పేర్లు రాసుకోవడానికి తలుపు పక్కన కాగితం అంటించి, దారంతో పెన్ను వేలాడదీసింది. భర్త తన పేరు రాసి పెన్ను వదిలినప్పుడు పాస్టరమ్మ ఆమె వైపు తిరిగింది.

"మీరూ రాయండమ్మా."

ఆమె నోరు తెరిచేలోపు ఆయనే జవాబిచ్చాడు. "మా ఆవిడకి నలుగురిలో మాటలు రావండీ. గుడ్డలు మాత్రం, చెప్పకూడదుగానీ, మచ్చ లేకుండా ఉతుకుతుంది."

అది ఆయన దృష్టిలో మెచ్చుకోలే. ఆమెకు నొప్పి కలిగింది కూడా అందుకే. తిట్టయితే తుడిచేసుకోవచ్చు, మెచ్చుకోలుని ఏం చేసుకోవాలి?

ఆ శనివారం మధ్యాహ్నం చివరి గుడ్డ గొట్టానికి చుట్టి, ఇస్త్రీబల్ల మూలనే కాగితాలు పెట్టుకుంది. సేవాభావం గురించి, సంఘ ఐక్యత గురించి ఆయన గొంతుకు అతికే నాలుగు పేరాలు రాయాలనే కూర్చుంది. మొదటి రెండు వాక్యాలు అలాగే వచ్చాయి. మూడో వాక్యం దగ్గర కలం తనంతట తాను పక్కదారి పట్టింది. ఉతికే నీళ్లూ, మైనపు చుక్కలూ, పెదవుల రంగులూ ఒకదాని వెనుక ఒకటి తోసుకొచ్చాయి. పందొమ్మిదేళ్లుగా ఇస్త్రీ చేస్తూ మనసులో తిప్పుకున్న ఒక ఊహ చివరి పేరాలో వచ్చి కూర్చుంది. తల ఎత్తేసరికి పెట్టె చల్లారిపోయింది. ముఖం మాత్రం వెచ్చగా ఉంది.

చదువుకుంది. ఇది ఆయన చదివేది కాదు. కొట్టేయడానికి కలం ఆనించింది కూడా. ఎక్కడ కొట్టేయాలి? అబద్ధం ఒక్క ముక్క లేదు. ఇన్నేళ్లూ రాసిచ్చినవాటిలోనే, ఆయన నోట పలికేసరికి ఒక అబద్ధం చేరుతూ వచ్చింది. ఆయన్ని నవ్వులపాలు చేయాలని ఆమెకు లేదు. అలాగని ఆ పేజీలను చింపేయడానికీ చేతులు రాలేదు. కలానికి మూత పెట్టింది. చదువుకోమని మూడుసార్లు చెబుతాను, అనుకుంది. ఒక్కసారి చదివినా తెలిసిపోతుంది, అప్పుడు వేరేది రాసిస్తాను. చదవకపోతే మాత్రం నేను అడ్డుపడను.

"ఒకసారి చదువుకోండి," అంది కాగితాలిస్తూ.

"నువ్వు రాశాక చదివేదేముంది? అక్షరాలు పెద్దవిగా రాశావా లేదా?"

పొద్దున కాఫీ ఇస్తూ మళ్లీ చెప్పింది. "పైపైనైనా చూసుకోండీ."

"ఏమే, నేనేమన్నా బళ్లో పద్యం అప్పజెప్పబోతున్నానా?"

గుడి మెట్ల దగ్గర మూడోసారి. ఆయన కోటు జేబు తట్టి చూపించాడు. "ఇదిగో, భద్రంగా ఉంది. నువ్వు కంగారుపడి నన్ను కంగారుపెట్టకు."

అత్తగారి పక్కన, మూడో వరసలో కూర్చున్నాక ఆమె సంచిలో పెన్ను తడిమింది. ఇప్పటికీ చీటీ రాసి పంపొచ్చు. పాట అయిపోయింది. భర్త మైకు ముందుకెళ్లి, గొంతు సవరించుకుని, బ్యాంకు గొంతుతో మొదలుపెట్టాడు. మొదటి రెండు వాక్యాలూ గంభీరంగా సాగాయి. ఆయన చదివేటప్పుడు అర్థం చూడడు, లయ చూస్తాడు. మూడో వాక్యాన్నీ అదే లయలో ఎత్తుకున్నాడు.

"పందొమ్మిదేళ్లుగా ఈ బల్లమీది గుడ్డలను నా చేతులతో ఉతుకుతున్నాను. వాటి మడతలు నాకు నా అరచేతి గీతల్లా తెలుసు. మీ పెదవుల రంగులన్నీ తెలుసు."

ఎవరో దగ్గారు. ముందు వరసలో ఒకావిడ చటుక్కున చేతిరుమాలుతో పెదవులు అద్దుకుంది. అత్తగారికి వినికిడి తక్కువ. ఆవిడ గుసగుస అనుకునేది గోడ అవతలికి కూడా చేరుతుంది.

"ఏమంటున్నాడే వీడు? గుడ్డలు ఉతుకుతున్నాడా? వీడా? పుట్టి బుద్ధెరిగాక చేతిరుమాలు ఉతుక్కుని ఎరగడే!"

గుడి గుడంతా గొల్లుమని నవ్వింది. పాస్టరమ్మ తెల్లటి అంగీ చేతుల్లో ముఖం దాచుకుంది. భుజాలు కదులుతూనే ఉన్నాయి. ఆయన ఆగి, కాగితం వెనక్కి తిప్పి చూశాడు, అక్కడేమన్నా సాయం దొరుకుతుందేమోనన్నట్టు. తర్వాత మొదటినుంచీ లోలోపల చదువుకున్నాడు. ఆయన చెవులు ఎర్రబడటం ఆమెకు మూడో వరసలోకి కనబడింది. కోపమొస్తుందా? నవ్వేసి ఏదో కల్పించి గట్టెక్కుతాడా? గట్టెక్కగలడు, ఆయనకది వచ్చు.

ఆయన తలెత్తి ఆమెనే చూశాడు.

"ఇది నాది కాదండీ," అన్నాడు మెల్లగా. "మా ఆవిడది." కొంచెం ఆగి, "ఇంతకుముందువి కూడా," అన్నాడు.

ఆ మైకులో ఆయన తన సొంతంగా పలికిన మొదటి మాటలవి.

"అయితే ఆవిడే చదివితే బాగుంటుంది కదండీ!" అంది పాస్టరమ్మ, కళ్లు తుడుచుకుంటూ.

ఆ నడవలో ఆమె చీపురుతో నడిచింది, బాల్చీతో నడిచింది, గుడ్డల సంచితో వేలసార్లు నడిచింది. జనం కూర్చుని చూస్తుండగా ఉత్తచేతులతో నడవడం ఇదే మొదలు. పాస్టరమ్మ మైకు కిందికి దించింది. భర్త కాగితాలు అందించాడు. వాటితో ఆమెకు పనిపడలేదు.

"మొదటిసారి ఉతికిన నీళ్లు కాలువలో పోయకూడదని నాకు నేర్పారు," అని మొదలుపెట్టింది. "వాటిలో రొట్టె పొడి ఉంటుంది, ద్రాక్షారసం ఉంటుంది. అవి పవిత్రమైనవి, మట్టికే చేరాలి. అందుకని ఆరాధన అవగానే ఇక్కడే ఒకసారి జాడించి, ఆ నీళ్లు వెనక గులాబీ మొక్క మొదట్లో పోస్తాను. పోయిన ఏడు ఆ గులాబీ విరగబూసిందని కమిటీవారు తోటమాలికి కృతజ్ఞత తెలుపుతూ తీర్మానం చేశారు. తీర్మానం రాసిందీ నేనే."

వెనక వరసలోంచి తోటమాలి లేచి నిలబడ్డాడు. "నేను దానికి ఒక్క చెంబు పోయలేదని ఆరోజే చెప్పబోయానమ్మా! కార్యదర్శిగారు చప్పట్లు కొట్టించేశారు!"

నవ్వులు మళ్లీ లేచాయి. ఈసారి ఆమె కూడా కలిసింది. తన నవ్వు మైకులోంచి తనకే వినబడి ఆశ్చర్యపోయింది. అందరూ సర్దుకునేదాకా ఆగింది.

"ఇంకొక్క మాట. ప్రభువు లేచిన ఉదయం సమాధిలో ఆయన ముఖానికి కట్టిన గుడ్డ, మిగతావాటితో కాకుండా, విడిగా చుట్టిపెట్టి ఉందని చదువుతాం. దానిమీద ప్రసంగం చేసినవారిని నేను వినలేదు. ఉతికే మనిషిని గనుక నాకు మాత్రం అదే కనిపిస్తుంది. చావును గెలిచి లేచినవాడు, బయట లోకమంతా ఎదురుచూస్తుంటే, ముందు కూర్చుని తన గుడ్డ తాను సర్దిపెట్టుకున్నాడు. ఎవరో ఒకరు వస్తారులే, తీస్తారులే అనుకోలేదు. శనివారం మధ్యాహ్నం ఇస్త్రీపెట్టె పట్టుకున్నప్పుడల్లా నేను ఆ సమాధి గదిలో ఉంటాను. నా చేతికి ఆయన చెయ్యి తగిలినట్టే ఉంటుంది. నా విశ్వాసం అంతే."

అత్తగారు గుడంతా వినబడే తన గుసగుసతో, "ఇప్పుడు బాగా వినిపించింది," అన్నారు.

ఇంటికి నడుస్తుండగా సగం దారిలో ఆయన ఆమె వైపు తిరిగాడు.

"ఇలా అవుతుందని ముందే తెలుసా నీకు?"

"మూడుసార్లు చదువుకోమన్నాను."

"నాలుగోసారి చెప్పాల్సింది," అన్నాడు. ఆ తర్వాత పది అడుగులు వేసి, ఉన్నట్టుండి ఫక్కున నవ్వాడు. "పెదవుల రంగులన్నీ తెలుసు! నేను! అదీ మైకులో!" వీధి మలుపు దాకా ఆగి ఆగి నవ్వుతూనే ఉన్నాడు. ఇంటికి చేరేసరికి ఆమెకు కడుపు నొప్పి పుట్టింది, నవ్వి నవ్వి.

మనుషులు ఒక్క ఆదివారంతో మారిపోరు. మళ్లీ శనివారం వచ్చింది. ఆమె చెమ్మగుడ్డ పరిచి సిలువను బోర్లిస్తుండగా ఆయన తలుపు దగ్గర నిలబడి, "సంఘం వార్షిక నివేదిక..." అని నసిగాడు.

"అదిగో బల్ల, అదిగో పెన్ను," అంది, చేతిలో పని ఆపకుండానే. "వచ్చే నెల మాట్లాడమని పాస్టరమ్మ మళ్లీ అడిగింది. నావి నేను రాసుకోవాలి."

ఆయన కూర్చున్నాడు. కాగితం సర్దాడు, పెన్ను మూత తీశాడు, పెట్టాడు, మళ్లీ తీశాడు.

"మొదలెలా పెట్టాలే?"

"ఈ ఏడంతా గుడి కోసం మీ చేతులతో మీరు చేసిన పనేదో, దాంతో మొదలుపెట్టండి."

చాలాసేపు పెన్ను కదల్లేదు. ఆమె తొందరపెట్టలేదు. కూనిరాగం తీస్తూ, గుడ్డను లోపలికి మడతపెట్టింది.