జగ్గమ్మ పట్టిన సీటు

ఆదివారం పొద్దున్నే, నోట్లో బ్రష్షు ఉండగానే సుహాసిని ఫోను చూసుకుంది. చూసి నూతి గట్టు మీద అలాగే కూర్చుండిపోయింది.

"ఏటయినాది?" అంది జగ్గమ్మ వంటింటి గుమ్మంలోంచి.

సుహాసిని నోరు కడుక్కుని వచ్చి, "నిన్న సాయంత్రం ఒక్క టిక్కెట్టు కనిపించింది అత్తా. పాపను పడుకోబెట్టి కొందామనుకుని నేనూ నిద్రపోయాను. ఇప్పుడది లేదు. ఫ్లైటు నిండిపోయింది" అంది.

జగ్గమ్మ గబుక్కున లోపలికి తిరిగింది, పెదాల మీది నవ్వు కోడలి కంట పడకుండా. "పోన్లే. నీ బానెట్టు సీటు ఉన్నాది కదేటి" అంది పాలు వడగడుతూ.

సుహాసిని విమానం నడుపుతుంది. ఉద్యోగం హైదరాబాదులో, కాపురం శృంగవరపుకోటలో. మొగుడు త్రినాథ్ ఇక్కడి ప్రభుత్వ హైస్కూల్లో లెక్కల మాస్టారు. ఆ ఉద్యోగం రాష్ట్రం దాటి రాదు. నాలుగేళ్ళ సంహిత నానమ్మ పక్కలో తప్ప పడుకోదు. అందుకని సుహాసిని డ్యూటీ ఉన్నప్పుడల్లా విశాఖ ఎయిర్‌పోర్టుకు వెళ్ళి, తన కంపెనీ విమానంలోనే హైదరాబాదు వెళ్ళి, అక్కడ పనిలో చేరుతుంది. ప్రతిసారీ టిక్కెట్టు కొంటే జీతం మిగలదు. సీటు ఖాళీగా ఉంటే కంపెనీ వాళ్ళకిస్తారు. లేకపోతే జంప్‌సీటు. నడిపేవాళ్ళ వెనకాల, ఆ చిన్న గదిలోనే, గోడకు మడిచిపెట్టి ఉండే సీటు అది. పెళ్ళయిన కొత్తలో దాని గురించి చెబితే జగ్గమ్మకు వెంటనే అర్థమైపోయింది. పాత బస్సుల్లో డ్రైవరుకు తెలిసినవాళ్ళు ఇంజను డబ్బా మీద కూర్చునేవారు కదా, అలాంటిదే. అప్పట్నుంచీ ఇంట్లో దాని పేరు బానెట్టు సీటు.

అయితే ఆ సీటు ఒక్కటే. అడిగినవాళ్ళలో సర్వీసులో పెద్దవాళ్ళకు ముందు. ఆ పైన విమానం నడిపే కెప్టెన్ సరేననాలి. వేసవిలో ఒకసారి అది దొరక్క సుహాసిని డ్యూటీ తప్పిపోయింది. ఇంటికి తిరిగొచ్చి, స్నానాల గదిలో కుళాయి తిప్పుకుని ఏడ్చింది. మర్నాడు పైఆఫీసరు పిలిచి మెత్తగానే చెప్పాడట: ఇంకొక్కసారి ఇలా జరిగితే ఊళ్ళో కాపురం కుదరదు, హైదరాబాదుకు మారాల్సిందే అని. మారితే పాపను తీసుకుపోతుంది. ఆ రోజు నుంచి కోడలు సంచీ సర్దినప్పుడల్లా జగ్గమ్మకు అన్నం సయించదు.

ఈసారి మాత్రం ధైర్యంగా ఉంది. నిన్న సాయంత్రం కోడలి ఫోనులో ఆ ఒక్క సీటు తనూ చూసింది. పాలు పోసే నెపంతో బయటికి వచ్చి, మెయిన్ రోడ్డులో టిక్కెట్లు తీసే దుర్గాభవాని కొట్టుకు పోయింది. "ఒక్కటే ఉంది పిన్నీ. ఆధార్ తెచ్చావా?" అంది దుర్గాభవాని. తెచ్చింది. సంచీలో ఎప్పుడూ ఉండేదే. దుర్గాభవాని నాలుగు మీటలు నొక్కి, కిటికీ పక్క సీటు కూడా ఖాయం చేసి, లోపలికెళ్ళే కాగితం అచ్చు తీసిచ్చింది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. చెబితే ఖర్చు పెట్టావని కోడలు విసుక్కుంటుంది. బానెట్టు సీటు దొరికితే సరే, లేకపోతే అప్పుడు బయటికి తీద్దామనుకుంది.

"గోపాలపట్నంలో మా చెల్లి తాయారుకి ఒంట్లో బాగోనేదట. నానూ వస్తాను" అని పాపను తాత జగన్నాధానికి అప్పగించి, ఇస్త్రీ చీర కట్టుకుని కారు ఎక్కింది.

కొత్తవలస దగ్గర లారీలు నిలిచిపోయాయి. త్రినాథ్ హారను మీంచి చెయ్యి తియ్యలేదు. యూనిఫారంలో ముందు సీట్లో కూర్చున్న సుహాసిని మాటిమాటికీ వాచీ చూసుకుంటోంది. ఇంతలో ఫోను మోగింది. "అవును సార్... ఇదే ఫ్లైటు సార్... లేదు సార్, పర్వాలేదు" అంది. ఫోను పెట్టేసి, తలను కారు అద్దానికి ఆనించింది.

"ఎవరు?" అన్నాడు త్రినాథ్.

"కెప్టెన్ కామేష్. శ్రీకాకుళం నుంచి వస్తున్నాడు. ఆయనకీ రేపు డ్యూటీయే. ఆయన నాకంటే సీనియరు బావా. జంప్‌సీటు ఆయనదే."

"నీకు?"

"లోపల ఒక్క సీటైనా మిగిలుంటే ఆయన అందులో కూర్చునేవాడు, జంప్‌సీటు నాకు వచ్చేది. ఇప్పుడేముంది? అయిపోయింది."

లారీ ఒకటి కదిలింది. కారు నాలుగు గజాలు జరిగి మళ్ళీ ఆగింది. వెనక సీట్లో జగ్గమ్మ సంచీ తెరిచి, నాలుగు మడతల కాగితాన్ని విప్పి, కోడలి భుజం మీంచి ముందుకు చాపింది.

"ఎందుకలా అయిపోతావు? నీ సీటు నా కాడున్నాది. సూడు. కిటికీ పక్కది."

సుహాసిని కాగితం అందుకుంది. పేరు దగ్గర వేలు పెట్టి ఆగిపోయింది.

"ఇది ఎవరి పేరున తీశావు అత్తా?"

"నా పేరునే. ఆధారు నాదే ఉన్నాది సంచీలో. ఎవరి పేరైతే ఏటి? నాను పట్టుకున్నాను, నువ్వు కూసో."

త్రినాథ్ వెనక్కి తిరిగి తల్లిని చూశాడు. "అమ్మా, ఇదేమైనా విజీనారం బస్సేటే, తువ్వాలు వేసి సీటు పట్టుకోడానికి?"

జగ్గమ్మ సరిగ్గా అదే అనుకుంది. విజయనగరం పైడితల్లి పండక్కి పోయేటప్పుడు బస్టాండు కాంప్లెక్సులో బస్సు ఆగకముందే కిటికీలోంచి తువ్వాలు విసిరేది. ఆ తువ్వాలు ఎవరిదని గాని, దాని మీద కూర్చున్నది ఎవరని గాని ఒక్కడూ అడిగేవాడు కాదు. అత్తగారు కూర్చునేది, ఆడబిడ్డ కూర్చునేది, తను నిలబడేది. సీటు ఇంటిది.

"ఎవరి పేరున ఉంటే వాళ్ళే ఎక్కాలి అత్తా" అంది సుహాసిని. గొంతులో కోపం లేదు. అదే జగ్గమ్మను భయపెట్టింది. "పొద్దున్న నేను కొనాల్సిన సీటు ఇదే. ఇదొక్కటే ఉండేది."

జగ్గమ్మ కాగితాన్ని వెనక్కి లాక్కుని చూసుకుంది. "అయితే నాను నీ సీటే లాగేసుకున్నానా అమ్మీ?"

"కేన్సిల్ కొట్టేస్తాను" అన్నాడు త్రినాథ్ ఫోను తీసి.

"వద్దు బావా. చెకిన్ అయిపోయింది, ఫోనులో పోదు. ఈ కాగితం ఉన్నంతసేపూ ఈవిడ వస్తుందనే గేటు మూసేదాకా సీటు ఆపుతారు. ఆ తర్వాత ఎవర్నీ ఎక్కించరు." సుహాసిని అత్తవైపు తిరిగింది. "నువ్వే లోపలికొచ్చి, కౌంటర్లో నేను వెళ్ళను అని చెప్పాలి. కౌంటరు మూసేలోపు. అప్పుడు ఆ సీటు కామేష్ సారుకు పోతుంది, జంప్‌సీటు మిగులుతుంది."

"నా సీటు ఆయనకా?"

"ఆయనకే. వరుస ఆయనది."

"నీకు ఆ బానెట్టు సీటైనా ఇస్తారా?"

"కెప్టెన్ ఒప్పుకుంటే. ఈ రోజు నడిపేవాడు తలుపు దాటి ఎవర్నీ రానివ్వడని పేరు." సుహాసిని మళ్ళీ వాచీ చూసుకుంది. "ముందు మనం చేరాలి కదా."

పెందుర్తి దాటేవరకు జగ్గమ్మ కాగితాన్ని రెండు చేతులతో పట్టుకునే కూర్చుంది. ఎర్రదీపం పడ్డచోటల్లా ముందుకు వంగి చూసేది, తను చూస్తే పచ్చదీపం తొందరగా వస్తుందన్నట్టు. గోపాలపట్నంలో తాయారు ఇల్లుండే సందు వచ్చింది, పోయింది. కారులో ఎవరికీ ఆ మాటే గుర్తు లేదు.

త్రినాథ్‌ను గేటు దగ్గరే ఆపేశారు. తుపాకీ పట్టుకున్న జవాను ఆధార్‌లో బొమ్మనూ జగ్గమ్మ మొహాన్నీ మార్చి మార్చి చూశాడు. బొమ్మలో ఆవిడకు ముక్కుపుడక ఉంది, ఇప్పుడు లేదు. "తీసీసినాను బాబూ, ముక్కు పుండైతేనీ" అంది జగ్గమ్మ. జవానుకు తెలుగు రాదు. ఇంకోసారి చూసి, పొమ్మని చెయ్యి ఊపాడు.

కౌంటరు ముందు పెళ్ళివారెవరో సామాను తూయిస్తున్నారు. పెట్టె బరువెక్కువైతే దించి, తెరిచి, చీరలు ఇంకో పెట్టెలో కుక్కుతున్నారు. వాళ్ళ వెనకాల ఇంకా జనం. పక్కగా తెల్లచొక్కాలో ఒక పొడుగాటి మనిషి నిలబడి ఉన్నాడు. సుహాసినిని చూసి తల ఊపాడు. కామేష్ అతనేనని జగ్గమ్మకు తెలిసింది.

"ముందుకి పద అమ్మీ."

"యూనిఫారంలో ఉండి లైను దాటకూడదు అత్తా."

"ఎంతసేపున్నాది?"

సుహాసిని బొటనవేలితో వాచీ అద్దాన్ని రుద్దుతోంది. పాపకు జ్వరం వచ్చిన రాత్రి కూడా అలాగే రుద్దింది.

పెళ్ళివారి పెట్టె మళ్ళీ తూకం ఎక్కింది, మళ్ళీ దిగింది. కౌంటర్లో ఉన్న అమ్మాయి వెనక్కి తిరిగి గోడ గడియారం చూసింది. అది చూడగానే జగ్గమ్మ చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని లైనులోంచి బయటికొచ్చింది.

"బాబూ, కూసింత తప్పుకోండి."

"అందరం వెళ్ళాలమ్మా, లైన్లో రండి" అన్నాడు పెళ్ళివారి పెద్ద.

"నాను ఎల్లడానికి రానేదు బాబూ. మానడానికి వచ్చినాను. మానేవోళ్ళకి కూడా లైనేటి?"

పెళ్ళివారి ఆడవాళ్ళు నవ్వారు. ఆ నవ్వులో పెద్దాయన పక్కకు జరిగాడు. జగ్గమ్మ కాగితాన్ని బల్ల మీద పెట్టింది.

"నాను ఎల్లను. నా పేరు కొట్టీ తల్లీ."

ఆ అమ్మాయి కాగితాన్నీ జగ్గమ్మనూ చూసింది. "ఎందుకమ్మా? ఒంట్లో బాగాలేదా? భయమేస్తోందా?"

"అవును, బయమే" అంది జగ్గమ్మ. అబద్ధమేమీ కాదు.

"డబ్బులు రావు మరి."

"రాకపోతే మానె. బేగి కొట్టు."

ఆ అమ్మాయి మీటలు నొక్కింది. ఏదో రాలేదు. మళ్ళీ నొక్కింది. పక్క కౌంటరు అబ్బాయిని పిలిచింది. ఇద్దరూ తెరలోకి చూస్తున్నారు. జగ్గమ్మ వెనక్కి తిరిగి కోడల్ని చూడలేకపోయింది. బల్ల అంచు పట్టుకుని, ఆ అమ్మాయి వేళ్ళకేసే చూస్తూ నిలబడింది.

చివరికి కాగితం మీద అడ్డంగా గీత పడింది. "సార్, మీకు సీటొచ్చింది" అంది ఆ అమ్మాయి కామేష్‌తో.

కామేష్ దగ్గరికొచ్చి సీటు కాగితం అందుకున్నాడు. జరిగిందంతా అతనికేం తెలుసు. "థాంక్సమ్మా" అన్నాడు మర్యాదగా.

"నాను మీకియ్యనేదు బాబూ" అంది జగ్గమ్మ.

అతను తెల్లబోయాడు. సుహాసిని గబగబా వచ్చి అత్త మోచెయ్యి పట్టుకుని, "జంప్‌సీటు?" అని కౌంటర్లో అడిగింది.

"మీ పేరు పెట్టాను మేడమ్. విమానం ఇప్పుడే దిగింది. కెప్టెన్‌ని మీరే అడగాలి."

అత్తను చూడ్డానికి సుహాసినికి ఒక్క క్షణమే ఉంది. "దొరక్కపోతే ఫోను చేస్తాను" అని సంచీ లాక్కుంటూ పరుగులాంటి నడకతో పోయింది. వెళ్ళొస్తానని అనలేదు. ఎప్పుడూ అంటుంది. ఈ రోజు అనలేదు. జగ్గమ్మ ఆ మాట కోసం కాసేపు అక్కడే నిలబడింది. తనిఖీ దగ్గరి జనంలో కోడలి తెల్లచొక్కా కనిపించకుండా పోయింది. ప్రయాణం మానినవాళ్ళు లోపల ఉండకూడదని ఒక కుర్రాడు ఆవిడను గేటుదాకా దిగబెట్టాడు.

బయట కారు పక్కన ఇద్దరూ నిలబడ్డారు. ఆ ఇంట్లో లెక్క ఒకటి ఉంది. సుహాసిని నుంచి ఫోను వస్తే సీటు దొరకనట్టు. రాకపోతే ఎక్కినట్టు. అందుకని జగ్గమ్మ ఫోనును అరచేతిలో పెట్టుకుని, అది మోగకుండా ఉండాలని చూస్తోంది.

అది మోగింది.

జగ్గమ్మ చేతిలోంచి ఫోను జారి కింద పడబోయింది. త్రినాథ్ పట్టుకున్నాడు. "నాన్న" అన్నాడు పేరు చూసి.

"ఏటే, మీరెక్కడ? పాప అన్నం తిననంటన్నాది. నువ్వే పెట్టాలట" అన్నాడు జగన్నాధం.

"పెట్టీసి ఊరుకోవయ్యా. ఇప్పుడు ఫోను సెయ్యకు. ఎవరూ సెయ్యకండి" అని అరిచింది జగ్గమ్మ. పార్కింగులో నలుగురు తిరిగి చూశారు.

ఇంకొంతసేపటికి గోడ అవతల పెద్ద చప్పుడు లేచింది. విమానం ఒకటి షెడ్ల కప్పుల మీదుగా పైకి లేచి, ఎండలో మెరిసి, పడమటి కొండల వైపు తిరిగింది.

"అదేనా?" అంది జగ్గమ్మ.

"అదే."

"ఉన్నాదా అందులో?"

త్రినాథ్ విమానాన్నే చూస్తూ, "చేసి చూడు" అన్నాడు.

"నువ్వు సెయ్యి."

"నువ్వే చెయ్యి అమ్మా."

జగ్గమ్మ కోడలి నంబరుకు గుర్తుగా పెట్టిన పాప బొమ్మను నొక్కి, ఫోను చెవి దగ్గర పెట్టుకుంది. మోగితే, కోడలు లోపలెక్కడో కుర్చీలో కూర్చుని ఉన్నట్టే. పైఆఫీసరుకు ఏం చెప్పాలో అనుకుంటూ. పాప బట్టలు ఏ పెట్టెలో సర్దాలో అనుకుంటూ.

మోగలేదు. మీరు కాల్ చేస్తున్న నంబరు స్విచాఫ్ చేయబడి ఉంది అని ఆడగొంతు పలికింది.

జగ్గమ్మ కారు బానెట్టుకు ఆనుకుని, వినిపించినంతసేపూ విని, ఫోను కొడుకు చెవి దగ్గర పెట్టింది. త్రినాథ్ విని, ఊపిరి వదిలి, కళ్ళజోడు తీసి చొక్కాతో తుడుచుకున్నాడు.

"ఎక్కేసిందమ్మా."

"చార్జింగు అయిపోయినా ఇలాగే అంటాది కదేటి?"

"అమ్మా."

"కాదురా, అడుగుతన్నాను."

తిరుగు దారిలో మరో రెండుసార్లు నొక్కి వింది. కొత్తవలసలో ఇప్పుడు లారీలు లేవు. రోడ్డు ఖాళీగా ఉంది. ఊరు దగ్గరపడుతుండగా ఫోనును సంచీలో పెట్టి, గీత కొట్టిన కాగితాన్ని మడిచి దాని పక్కన పెట్టింది.

"మళ్ళీ ఎప్పుడురా దానికి డ్యూటీ?"

"బుధవారం వస్తుంది. మళ్ళీ శనివారం వెళ్ళాలి."

జగ్గమ్మ కాసేపు కిటికీలోంచి జీడితోటల్ని చూసింది.

"శనివారం దాంట్లో సీట్లున్నాయేమో ఇప్పుడే సూడరాదా" అంది. "సుహాసిని పేరునే."