ఒక్కటే క్లిప్పు

గులాబీ రంగు గోడ. తడి మెరుపు.

మధ్యలో... పసుపు.

తెర మీద ఆ పసుపు కనబడగానే డాక్టరమ్మ చెయ్యి ఆపేసింది. అది పేగు లోపలి రంగు కాదు. పేగుకి అవతల ఉండే కొవ్వు. అంటే చిల్లు పడింది.

ఎవరి చేతిలో?

తన చేతిలోనే.

బల్ల మీద పడుకున్నది రిటైరైన హెడ్మాస్టారు. పెద్దపేగులో చిన్న కండ పెరిగింది. కెమెరా ఉన్న గొట్టం లోపలికి పంపి, ఆ కండని కోసి తీస్తూ, కోసే వైరుని వెంట్రుకవాసి లోతుకి దించింది. పద్దెనిమిదేళ్ల అనుభవం వెంట్రుకవాసి దగ్గర బోర్లా పడింది.

పొట్ట కోసి కుట్టొచ్చు. కానీ మాస్టారి గుండె అంతంతమాత్రం. కోతకి తట్టుకోదని సర్జన్ ముందే తేల్చేశాడు.

ఇక మిగిలింది క్లిప్పు. గొట్టం కొసకి తొడిగే క్లిప్పు. పట్టిందంటే ఉడుంపట్టే. అయితే ఒక్కసారే వదలాలి. గురి తప్పిందా... అంతే సంగతులు.

గొట్టం బయటికి. క్లిప్పు తొడిగి మళ్లీ లోపలికి.

ఒక వంపు... మరో వంపు... అదిగో పసుపు.

చిల్లు అంచుల్ని మెల్లగా గొట్టంలోకి పీల్చింది.

క్లిప్పుని వదిలే చక్రం తిప్పింది.

టక్.

పసుపు లేదు. గులాబీ — అంతా గులాబీ!

మాస్టారికి మెలకువ రాగానే దాచకుండా చెప్పేసింది. "చిల్లు నా చేతిలోనే పడింది మాస్టారూ. నేనే మూశాను."

నిజం చెప్పిన పిల్లలకి నేనెప్పుడూ మార్కులు కొయ్యలేదమ్మా అన్నాడాయన.

అంతటితో గెలిచినట్టు కాదు. పేగు మళ్లీ కదలాలి. కదిలితే కింద నుంచి గాలి పోతుంది.

పోయిందా? నర్సు అడిగింది. లేదు.

పోయిందా? డాక్టరమ్మ అడిగింది. లేదు... మాస్టారు గోడవైపు తిరిగి.

జ్వరం లేదు. పొట్ట మెత్తగానే ఉంది. మరి గాలేది? రెండో సాయంత్రానికి సర్జన్ వచ్చి మంచం పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. కోస్తే గుండె ఆగొచ్చు. కొయ్యకపోతే విషం పాకొచ్చు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

అప్పుడు నోరు విప్పింది, స్టూలు మీద కూర్చున్న మాస్టారి భార్య.

"ఎందుకండీ దాస్తారు? నిన్నటి నుంచీ దుప్పటి కింద ఒకటే మోత."

మాస్టారి చెవులు ఎర్రబడ్డాయి. ఎంతమంది పిల్లల చేత నిజం చెప్పించిన మనిషి! కూతురి ఈడు ఆడపిల్ల అడిగితే ఆ మాట మాత్రం నోట రాలేదు.

డాక్టరమ్మకి నవ్వొచ్చింది. నవ్వు ఆగలేదు. కళ్ల నీళ్లూ ఆగలేదు. పట్టింది — క్లిప్పు పట్టింది — పేగు కదిలింది — ఈ మనిషి బతికాడు! సర్జన్ వచ్చిన దారినే వెళ్లిపోయాడు.

ఆమె ఫైలు తెరిచింది. ఒక్కసారి మీ నోటితో చెప్పండి మాస్టారూ, రాసుకోవాలంది.

ఆయన కళ్లజోడు పెట్టుకున్నాడు. దిండుకి ఆనుకుని నిటారుగా కూర్చున్నాడు. గొంతు సవరించుకున్నాడు.

"పోయింది," అన్నాడు. కళ్లజోడు సర్దుకుని, "ఏడుసార్లు."

ఆ ఏడుని ఆమె అంకెలో కాదు, మార్కుల మెమోలో లాగా అక్షరాల్లో రాసింది.