రెండు వారాల తేడా

అతనిది ఫ్యాక్టరీ పొగగొట్టాలకు రంగు వేసే పని. ఎక్కడినుంచి పిలుపొస్తే అక్కడికి వెళ్ళి, నడుముకు తాడు కట్టుకుని వేలాడుతూ వారాలకు వారాలు గడిపేస్తాడు. అంత ఎత్తున కళ్ళు తిరగని మనిషికి స్కానింగ్ గదిలో తిరిగాయి. భార్య కడుపులో కవలలున్నారని డాక్టరమ్మ చెప్పినప్పుడు కాదు, ఒక బిడ్డ రెండో బిడ్డకన్నా రెండు వారాలు చిన్నగా ఉందన్నప్పుడు. ఆ తర్వాత ఆమె ఇంకా చాలా చెప్పింది. ఇద్దరికీ మాయ ఒకటేనంది, చిన్నదానికి రక్తం సరిగా అందడం లేదంది, వారంలో మళ్ళీ తీసుకురమ్మంది, బస్సు మాత్రం ఎక్కించొద్దంది. ఒక్క ముక్కా అతని చెవికెక్కలేదు. పెద్ద బిడ్డ కడుపున పడ్డాకే తాను పనిమీద ఊరు దాటాడు. మరి చిన్నది పడేనాటికి ఇంట్లో ఎవరున్నట్టు?

ఇలాంటి పురుగు బుర్రలో దూరాక దానికి మేత వేసేవాళ్ళకు కొదవా? మర్నాడు టీ తాగుతూ, కడుపు మీద కడుపు వస్తుందా అని మేస్త్రీని మాటవరసకన్నట్టు అడిగాడు.

"షెడ్డులో పిల్లి పెట్టిన పిల్లల్ని చూశావుగా. ఒక కాన్పే, తండ్రులు మాత్రం ఇద్దరు" అని నవ్వాడు మేస్త్రీ.

పిల్లి సంగతి పిల్లిది. ఇతగాడు దాన్ని ఇంటికి మోసుకొచ్చాడు. అప్పటినుంచి భార్యతో ముక్తసరిగా రెండు మాటలు, అవీ గోడవైపు చూస్తూ. ఆమె ఒకటికి రెండుసార్లు హాస్పిటల్ సంగతి ఎత్తింది. పనుందన్నాడు. పనీ లేదు, పాడూ లేదు. పనికి తిప్పే వ్యాను గుమ్మం ముందే ఉంది. చెప్పిన వారం దాటిపోయింది. ఒక పొద్దున ఆమె ఏమీ అడగలేదు, ఎడమవైపు కదలిక తెలియడం లేదని మాత్రం చెప్పింది. అప్పుడు తీశాడు వ్యాను.

ఆమెను లోపల పడుకోబెట్టి, వరండాలో డాక్టరమ్మకు అడ్డం నిలబడ్డాడు. నేల చూపులు చూస్తూ, గర్భం ఉండగా మళ్ళీ అండం విడుదలై ఇంకో గర్భం నిలుస్తుందా అని అడిగాడు.

డాక్టరమ్మకు విషయం అర్థమైంది. "గర్భం నిలిచాక అండం విడుదల ఆగిపోతుందయ్యా. పైగా మీవాళ్ళిద్దరూ ఒకే అండం చీలి పుట్టినవాళ్ళు. మాయ ఒకటేనని ఆ రోజే చెప్పానుగా. పెద్దది ఇద్దరి వాటా లాగేసుకుంటోంది, చిన్నదానికి అందడం లేదు."

గుండెల మీదినుంచి బండ దిగినట్టయింది అతనికి. లోపలికి వెళ్ళి, ఏదో పెద్ద మనసుతో క్షమించేసినవాడిలా భార్య చెవి దగ్గర వంగాడు మహానుభావుడు.

"ఇద్దరూ నావాళ్ళేనట."

ఆమె తల తిప్పలేదు. డాక్టరమ్మ వచ్చి ఆమె పొట్టకు కుడివైపు పరికరం ఆనించగానే గుండె చప్పుడు గదంతా వినిపించింది. ఎడమవైపుకు జరిపింది. కిందికి, పైకి. జెల్ మళ్ళీ రాసి మళ్ళీ వెతికింది. ఎంతసేపటికీ చప్పుడు లేదు. చివరికి పరికరం పక్కన పెట్టి, చిన్న బిడ్డ పోయిందని చెప్పింది. మాయ ఒకటే గనక పెద్ద బిడ్డ సంగతీ ఇప్పుడే చెప్పలేనంది.

అతను భార్య చేయి పట్టుకోబోయాడు. ఆమె చేతిని వెనక్కి లాక్కుంది.

"నన్నడిగుంటే ఆ రోజే చెప్పేదాన్ని" అంది. "ఇద్దరూ బతికుండగా."