కూతురికి నేర్పిన పోటు

మా బ్యాన్ వంశపు బల్లెం సాము కోడళ్లకు నేర్పుతారు, కూతుళ్లకు నేర్పరు. కూతురైతే విద్యను అత్తారింటికి మోసుకుపోతుందట. త్సాంగ్‌జౌ చుట్టుపక్కల సాము తెలిసిన ఇళ్లన్నిటా ఇదే మాట. అయితే పెళ్లి చేసుకుని గడప దాటనని తాతల పీఠం ముందు ప్రమాణం చేసిన కూతురు కొడుకుతో సమానం.

ఆ ప్రమాణం నేను చేశాను. తమ్ముడు హుయ్‌షాన్‌కి బల్లెం కన్నా లారీ స్టీరింగంటేనే ఇష్టం. విద్య నాన్నతోనే మట్టిలో కలిసిపోతుందని భయపడి పెళ్లి మానుకున్నాను. నాన్న కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. మర్నాడే నా చేతికి బల్లెం ఇచ్చాడు.

ఒకసారి తిరునాళ్లలో పొరుగూరి కర్రసాము మనిషితో తలపడ్డాను. చివరి పోటు దగ్గర వాడు నా బల్లేన్ని ఒక్క తట్టు తట్టాడు. వెల్లకిలా పడ్డాను. ఊరంతా నవ్వింది. నీ నడుంలో పస లేదు, ఏం చేస్తాం అన్నాడు నాన్న. ఆ పస కోసం జుట్టు నెరిసేదాకా మంచులో నిలబడి సాధన చేశాను.

మొన్న చలికాలం తమ్ముడికి పెళ్లయింది. మరదలు లింగ్‌యే పుట్టింట్లో నూడుల్స్ పిండి పిసకడం తప్ప ఏమీ ఎరగదు. నాన్న పెరటి తలుపేసుకుని ఆమెకు నేర్పడం మొదలుపెట్టాడు. నాకు కుళ్లేమీ లేదు, తోడు దొరికిందనే అనుకున్నాను. ఒకరోజు టీ పట్టుకెళ్లి తలుపు నెట్టాను. చివరి పోటు నడుస్తోంది. మరదలి వెనక కాలి మడమ నేలను కరుచుకుని ఉంది. ఆ దెబ్బకి గడ్డిబొమ్మ కట్టిన గుంజ ఊగింది. నాకు నేర్పేటప్పుడు నాన్న ఆ మడమను బెత్తంతో కొట్టి మరీ పైకెత్తించాడు.

తిరునాళ్లలో ఎందుకు పడ్డానో అప్పుడు తెలిసింది. నాకెందుకు తప్పు నేర్పావని అడిగాను. తల కూడా దించుకోలేదు మహానుభావుడు. ఆడదాని మనసు ఎప్పుడు మారుతుందో ఎవరికి తెలుసన్నాడు. మరి నా ప్రమాణం సంగతేమిటన్నాను.

"ప్రమాణం చేస్తే చేశావు. నేను నమ్మాలని ఎక్కడుందే?" అన్నాడు.

నమ్మించి గొంతు కోయడమంటే ఇదే. కోసినవాడు కన్నతండ్రి.

వసంతంలో సమాధుల పండగ వచ్చింది. ఆ రోజు మా వంశం శాఖలన్నీ కలుస్తాయి. పోయినవాళ్లకు చేరాలని కాగితం డబ్బు కాల్చాక, తాతల సమాధుల ముందు ప్రతి ఇంటి నుంచీ ఒకరు సాము చూపించాలి. సాములో తప్పు చేసిన ఇంటి పెద్ద తన గురువు కుర్చీ దిగిపోవాలి. నాన్నకు ఆ కుర్చీయే ప్రాణం. ఆయనకు మోకాళ్లు పోయాయి. తమ్ముడు లారీతో ఉత్తరాన ఎక్కడో ఉన్నాడు. మరదలికి నెల తప్పింది. ఇక మిగిలింది నేను.

బల్లెం అందిస్తూ నాన్న నా చెవి దగ్గరికి వంగాడు.

"అమ్మా సూజెన్, చివర్లో మడమ ఎత్తకు. నేలకు ఆనించి పొడువు. నా పరువు నీ చేతిలో ఉంది తల్లీ."

ఇన్నేళ్లకు నిజం చెప్పాడు, అదీ కుర్చీ కోసం.

"నాకు నువ్వు నేర్పిందే వచ్చు నాన్నా," అన్నాను.

మిగతా పోట్లన్నీ వంక పెట్టడానికి లేకుండా పొడిచాను. చివరిదానికి మడమ ఎత్తాను. పెద్దల్లో గొణుగుడు బయలుదేరింది. అందరికన్నా పెద్దవాడైన చినతాత లేచి, ఇది నీకెవరు నేర్పారని అడిగాడు. మా నాన్నే అన్నాను.

అందరూ ఆయన వైపు తిరిగారు. ప్రమాణం చేసిన కూతుర్ని మోసం చేశానని ఒక్క మాట అంటే చాలు, ఆయన విద్యలో లోపం లేదని తేలి కుర్చీ దక్కుతుంది. ఆ మాట కోసం నేను బల్లెం దించకుండా ఎదురుచూశాను.

వయసు మీద పడి మరిచిపోయానన్నాడు నాన్న. అని, కుర్చీ దిగిపోయాడు.