వెర్నా కుర్చీ

జూలై నాలుగున, అమెరికా స్వాతంత్ర్య దినోత్సవానికి, మా ఊళ్ళో జరిగే ఊరేగింపు కోసం జనం ముందురోజు సాయంత్రమే మడత కుర్చీలు తెచ్చి ప్రధాన వీధి అంచున వేసి వెళ్ళిపోతారు. వాటికి కాపలా ఉండదు. ఒకరి కుర్చీని మరొకరు కదపరు. ఇళ్ళకు తాళం వేయడం కూడా నామోషీగా భావించే ఈ ఊరు తన నిజాయితీకి సాక్ష్యంగా ఆ కుర్చీలనే చూపిస్తుంది.

మందుల షాపు ముందు, గుడ్డ పందిరి నీడ పడే చోటు వెర్నా లిండ్‌క్విస్ట్‌ది. పెళ్ళి కాక ముందు నుంచీ ఆమె అక్కడే కూర్చుంటోంది. వసంతంలో తుంటి ఎముక విరిగి వృద్ధాశ్రమంలో చేరింది. ఊరంతా వంటకాలు మోసుకెళ్ళి పరామర్శించింది. తరువాత ఎంతో మర్యాదగా ఆమెను చనిపోయినవాళ్ళలో కలిపేసింది.

"హెస్టర్, ఈసారి కూడా నా చోట కూర్చుని చూడాలనుందే. మళ్ళీ ఏడాదికి ఉంటానో లేదో" అని వెర్నా నన్ను అడిగింది. ముందురోజు సాయంత్రం ఆమె ఆకుపచ్చ కుర్చీని నేనే వేసి వచ్చాను.

మరునాడు ఆమెను నడిపించుకుంటూ వచ్చేసరికి ఆ కుర్చీ మడతపడి, చెత్తడబ్బా పక్కన గోడకు ఆని ఉంది. నీడలో షాపు యజమాని క్లిఫర్డ్ కుటుంబం కూర్చుని ఉంది.

"క్లిఫర్డ్, అది వెర్నా కుర్చీ."

"వెర్నా గారు వస్తారని ఎవరనుకున్నారండీ? ఎవరో పొరపాటున వదిలేశారనుకున్నాం."

"పొరపాటున అదే నడిచొచ్చిందా?"

అతను నవ్వాడు. "ఎండలో ఇబ్బంది పడతారు, హెస్టర్ గారూ. షాపులో ఏసీ ఉంది. కిటికీలోంచి చక్కగా కనిపిస్తుంది."

ఆమె మేలు కోసమేనన్నమాట. ఇక్కడ ఎవరినైనా పక్కకు తప్పించేది వారి మేలు కోసమే.

"పోనీలేవే, గొడవెందుకు?" అంది వెర్నా. ఆమె చూపు మాత్రం ఆ నీడను వదలలేదు.

నేను ఆకుపచ్చ కుర్చీని తీసుకెళ్ళి నడివీధిలో, పసుపు గీత మీద వేశాను.

"నీకేమైనా పిచ్చా?"

"పట్టే వయసే. కూర్చో."

కూర్చుంది.

ఊరేగింపుకు ముందు నడిచే అగ్నిమాపక వాహనం మా ముందుకు వచ్చి ఆగింది. డ్రైవరు సైరన్ ఆపేశాడు. మా ఊళ్ళో మనిషి మీద హారన్ కొట్టడం కంటే అమర్యాద లేదు. అతను చేయి చాపి, మీరు ముందు వెళ్ళండని సైగ చేశాడు. వెర్నా కూడా ఈ ఊళ్ళోనే పెరిగింది. లేదు, మీరే వెళ్ళండని తిరిగి సైగ చేసింది. అతను మళ్ళీ చేయి చాపాడు. ఆమె మళ్ళీ తల అడ్డంగా ఊపింది. వెనకాల బడిపిల్లల బ్యాండు వాయించే పాట అయిపోయింది. ఎవరూ మమ్మల్ని కసరలేదు. వీధి వీధంతా క్లిఫర్డ్ వైపు చూడసాగింది.

అతను లేచి తమ కుర్చీలు జరిపాడు.

"ముందే ఒక్క మాట చెప్పాల్సిందండీ" అన్నాడు నాతో.

"నిన్ననే చెప్పాను. కుర్చీ వేసి."

వెర్నాను నీడలో కూర్చోబెట్టాం. వాహనం కదులుతుండగా డ్రైవరు మా ఊరి పలకరింపుగా స్టీరింగు మీది నుంచి ఒక వేలు పైకెత్తాడు. ఆమె కూడా ఒక వేలు ఎత్తింది. ఊరేగింపు సగం సాగేసరికి నిద్రపోయింది. నేను లేపలేదు. క్లిఫర్డ్ తన పిల్లల్ని మెల్లగా మాట్లాడమన్నాడు.