పూర్తి మార్కులు

అత్రాతో అనే నది ఒడ్డున, ఒక ఊరి గ్రంథాలయంలో ప్రతి శనివారం కొందరు ఆడవాళ్ళు కూడేవారు. ఆన్‌లైన్‌లో ఉచితంగా చెప్పే ప్రథమ చికిత్స కోర్సులో చేరినవాళ్ళు వాళ్ళు. అంతకుముందు ఎవరికి వారు మొదలుపెట్టి మధ్యలో వదిలేస్తుంటే, గ్రంథాలయం చూసుకునే క్లీమాకో అందరినీ ఒకచోట కూర్చోబెట్టాడు. ఒకరికి అర్థం కానిది ఇంకొకరు చెప్పేవారు.

దమారిస్‌ను అక్కడికి తెచ్చింది పక్కింటి నెరైదా. కొడుకు యైర్ నదిలో మునిగి చనిపోయినప్పటి నుంచి దమారిస్ గడప దాటడం మానేసింది. నెరైదాయే బతిమాలి తీసుకొచ్చింది.

ఆ కోర్సులో సమాధానాలు టీచర్లు దిద్దరు. పేర్లు తీసేసి, కోర్సు చదివేవాళ్ళకే ఒకరివి ఒకరికి పంపి మార్కులు వేయిస్తారు. సాయం చేయబోయి పొరపాటు జరిగిన సంఘటన ఒకటి రాయమన్నారు ఆ వారం. దమారిస్ ఫోనుకు వచ్చిన సమాధానంలో ఒక తల్లి, నీళ్ళలోంచి తీసిన బిడ్డను తలకిందులుగా పట్టుకుని నీళ్ళు కక్కించాలని ఊపుతూనే ఉంది. అరటిగెలల పడవ, ఎర్ర చొక్కా, అన్నీ యైర్ పోయిన రోజువే. ఆ తల్లి తనే. వెంటనే నోట్లోకి ఊపిరి ఊది ఉంటే బతికేవాడేమో అని చివర్లో ఉంది.

పొయ్యి మీద అన్నం మాడిపోయింది. దమారిస్ పాఠం మళ్ళీ పెట్టుకుని చూసింది. రాసినదాంట్లో తప్పు లేదు. పూర్తి మార్కులు వేసింది.

శనివారం నెరైదా తన సమాధానానికి వచ్చిన ఆ మార్కులు అందరికీ చూపించి మురిసిపోయింది.

"వేసింది నేనే," అంది దమారిస్.

అలా ఊపడం తప్పని పాఠం వినేదాకా తనకూ తెలియదనీ, తెలిశాక చెప్పడానికి నోరు రాలేదనీ నెరైదా గొణిగింది.

"నోరు రాలేదు గానీ, రాయడానికి చెయ్యొచ్చిందా?"

"ఎవరో పరాయివాళ్ళు చదువుతారనుకున్నానక్కా. నీకే వస్తుందనుకోలేదు."

దమారిస్ లేచి వెళ్ళిపోయింది. తర్వాత చాలా వారాలు రాలేదు. నెరైదా తలుపు దగ్గర పెట్టి వచ్చే చేపల పులుసు అలాగే ఉండిపోయేది.

గుడ్డలు కూరిన బొమ్మ మీద అభ్యాసం చేసే రోజున మాత్రం వచ్చింది. ఎవరినీ పలకరించలేదు. తన వంతు రాగానే మోకాళ్ళ మీద కూర్చుని, బొమ్మ గుండె నొక్కుతూ, మధ్యమధ్య ఊపిరి ఊదడం మొదలుపెట్టింది. క్లీమాకో చాలన్నాడు. ఆమె ఆపలేదు. చెమట కారుతున్నా ఆపలేదు.

నెరైదా వచ్చి ఎదురుగా కూర్చుంది. వద్దనలేదు, ముట్టుకోలేదు. నొక్కుల వరస తప్పిపోకుండా పైకి లెక్కపెడుతూ ఉండిపోయింది.