రెండు ఆకురాయి గాట్లు

దమ్దిన్ మూడోసారి తాళం తిప్పాడు. లారీ టక్కుమని ఊరుకుంది. దీపాలు వేసి మళ్లీ తిప్పితే వెలుగు మసకబారింది. బానెట్ ఎత్తి, స్టార్టర్ మోటారు బోల్టుల మధ్య స్క్రూడ్రైవర్ అడ్డంగా ఆనించాడు. నిప్పురవ్వ లేచింది గాని మోటారు తిరగలేదు.

"అనుకున్నా," అన్నాడు, వినేవాళ్లెవరూ లేకపోయినా.

ఇరవై రెండేళ్లుగా నలైఖ్ గనుల నుంచి బొగ్గు తోలుతున్నాడు. పొట్టి మనిషి. ఎడమ కనుబొమలో బొగ్గుపొడి ఎప్పుడో కాపురం పెట్టేసింది. పెళ్లికైనా పేచీకైనా అతన్ని పిలవాలని ఎవరికీ తోచదు. అతను మాత్రం అందరినీ కనిపెట్టుకునే ఉంటాడు. ఇంట్లో ఎండడానికి వేలాడదీసిన మాంసం ముక్కలు లెక్కపెట్టుకుని గాని పనికి వెళ్లడు. టీలో పాలు పలచనైతే ఆవును వదిలేసి భార్యను అనుమానిస్తాడు.

ఈసారి అనుమానం పక్కింటి చోయ్‌జిల్ మీద. లారీల డిపోలో కరెంటు పని చేసి రిటైరైన ముసలాయన. ఆయనకూ ఓ పాత లారీ ఉంది. చలి మొదలయ్యే రోజుల్లో దమ్దిన్ జ్వరంతో పడి ఉంటే, మాడు వాసన కొడుతున్న స్టార్టరును ఆయనే వచ్చి బాగు చేశాడు. ఏమివ్వమంటారని దమ్దిన్ భార్య అడిగితే, "టీ పొయ్యమ్మా, చాలు" అన్నాడు. ఒక్క గిన్నె టీకి ఎవడు ఒళ్లు వంచుతాడు? అప్పటినుంచీ ఆ ప్రశ్న దమ్దిన్‌కు పంటికింద రాయిలా తగులుతూనే ఉంది.

మోటారును విప్పి, తాము కాపురముండే గుడారంలోకి తెచ్చి పొయ్యి పక్కన పీట మీద పెట్టాడు.

"అది విప్పడం దేనికయ్యా? ముందు బయట వైర్లు చూడరాదూ?" అంది భార్య నోర్జ్‌మా, నీళ్ల డబ్బా అందుకుంటూ.

"నీకెందుకంత కంగారు?"

ఆమె నీళ్లకు వెళ్లిపోయింది. దమ్దిన్ గుడ్డతో జిడ్డు తుడిచాడు. మోటారు అడుగున పక్కపక్కనే రెండు ఆకురాయి గాట్లు కనిపించాయి. చోయ్‌జిల్ సుత్తికీ పారకీ లారీ సామానుకీ అన్నిటికీ అవే గాట్లుంటాయని వీధంతటికీ తెలుసు.

"దొరికావు ముసలోడా! నీ తుక్కు నాకంటగట్టి నాది కొట్టేశావా?"

సాక్ష్యం కోసం ఆత్రంగా వెనక మూత ఊడదీశాడు. లోపల కార్బన్ ముక్కలు అరగలేదు. రాగి తళతళలాడుతోంది. కొత్త గ్రీజు. మూత బిగించి, బ్యాటరీ తెచ్చి నేరుగా తగిలించగానే మోటారు గుర్రుమని పీట మీంచి ఎగిరింది. మంచి సరుకు అంటగట్టే దొంగను దమ్దిన్ తన జన్మలో చూడలేదు.

అయితే తప్పు మరోచోట ఉంది. బ్యాటరీ నుంచి లారీ ఒంటికి వెళ్లే లావుపాటి తీగ బోల్టు కింద తుప్పు పొలుసులు కట్టింది. గీకి, బిగించి, మోటారును మళ్లీ దాని చోట ఎక్కించాడు. తాళం ఇలా తిప్పాడో లేదో ఇంజను అందుకుంది. అనుమానం మాత్రం వదల్లేదు. ఇంత మంచిది నాకిచ్చి, తనేం పెట్టుకున్నట్టు?

నోర్జ్‌మా ఖాళీ డబ్బాతోనే తిరిగొచ్చింది.

"ఇంజను ఆపు. చోయ్‌జిల్ అన్న పోయాడు. ఇందాక తన బండి ముందే కూలబడ్డాడట."

దమ్దిన్ ఆపాడు. "ఈ మోటారు..."

"ఆయనదే. నీది మాడి మసైపోయింది. 'నా బండి ఎప్పుడో గాని కదలదు, వాడికి నలుగురు పిల్లలు' అని తనది విప్పి నీకు పెట్టాడు. నీకు చెప్పొద్దన్నాడు. చెబితే, ఎందుకిచ్చాడా అని చలికాలమంతా నిద్ర మానేస్తావట."

"మరి ఆయన బండి?"

"బండి ముక్కులో ఇనుప కడ్డీ దూర్చి ఇంజనును చేత్తోనే తిప్పుకునేవాడు. ఇవాళ గుండె నొప్పిగా ఉందని ఆసుపత్రికి బయల్దేరాడట."

"పక్కనే ఉన్నాంగా! నన్నడగొచ్చుగా?"

"నిన్నా?" అంది నోర్జ్‌మా.

దమ్దిన్‌కు ఏడుపు కంటే ముందు సిగ్గు ముంచుకొచ్చింది. టోపీ తీసి చేత్తో పట్టుకుని, ఇన్నేళ్లలో మొదటిసారి, పిలవకుండానే పక్క వాకిట్లోకి వెళ్లాడు. శవాన్ని లోపలికి చేర్చినట్టున్నారు, బయట ఎవరూ లేరు. ముసలాయన లారీ ముక్కులో వంకర ఇనుప కడ్డీ దిగేసింది దిగేసినట్టే ఉంది. పట్టుకునే చోట చుట్టిన గుడ్డ మీద ఇంకా మంచు పట్టలేదు.